పదకొండు కుబుసాలు

ఆ జులైలో బొమ్మల లాటరీలో మాకు ఆరో రోజు, నలభై ఒకటో నంబరు వచ్చింది. చీటీ తీసింది అమ్మమ్మే. తీసిన చేతిని అలాగే పైకెత్తి చూసుకుని, "ఈ చేత్తోనేనా నేను ఇన్నాళ్లూ దేవుడికి దణ్ణం పెట్టింది?" అంది. బొమ్మలు అమ్మే హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడ్డ వీధి వీధంతా నవ్వింది.

ఏడాదికి ఒక్కసారి వచ్చే బొమ్మలవి. పదమూడేళ్ల లోపు ప్రతి పిల్లకీ మూడు: ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి చిన్నది. రేషన్ పుస్తకంలో టిక్కు పెట్టి ఇచ్చేవారు. అమ్మకం ఆరు రోజులు. మొదటి రోజు వాళ్లు సైకిళ్లు, రెండో రోజు వాళ్లు కళ్లు మూసి తెరిచే బొమ్మలు పట్టుకుపోతే, ఆరో రోజు వాళ్లకి ప్లాస్టిక్ బకెట్లు మిగిలేవి. నాకు ఆ మార్చిలోనే పదమూడు నిండాయి. పుస్తకంలో బొమ్మల పేజీలో నా పేరు కొట్టేశారు. అందుకని చెల్లెలికి ఆరో రోజు వచ్చినందుకు లోపల్లోపల నాకు కొంచెం సంతోషంగానే ఉంది. ఇప్పుడు దాచడం దేనికి.

చెల్లెలు మరేలిస్ మాత్రం గంతులేసింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు.

"నాకు కావాల్సింది ఎవరికీ అక్కర్లేదు కదా!" అంది.

దానికి కావాల్సింది షాపు అద్దం వెనక అడుగు మూలన, నీలం పెట్టెలో ఉంది. పెట్టె మీద రష్యన్ అక్షరాలు. లోపల ఒక మైక్రోస్కోప్, నాలుగు గాజు పలకలు, ఒక చిన్న పట్టకారు. ఆ ఐదు రోజులూ అది పొద్దునా సాయంత్రం వెళ్లి, ముక్కు అద్దానికి ఆనించి, పెట్టె ఉందో లేదో చూసొచ్చేది. పక్కింటి దెల్ఫీనా పిన్నికి రెండో రోజు వచ్చింది. కూతురు నివియాకి పసుపు జుట్టు బొమ్మ కొనుక్కొచ్చింది. నివియాకి ఐదేళ్లు. ఆ బొమ్మని చంకలో ఇరికించుకుని మరేలిస్ వెనకాలే అదీ వెళ్లి, అదీ ముక్కు ఆనించేది.

ఆరో రోజు మా వంతు వచ్చేసరికి షాపులో అరలన్నీ ఖాళీ. షాపతను గుమెర్సిందో నీలం పెట్టె మీద దుమ్ము చొక్కా చేత్తో తుడిచి, మరేలిస్ చేతిలో పెట్టాడు.

"నిజం చెప్పవే పిల్లా, దీంతో ఏం చేస్తావు? బకెట్ తీసుకో. సముద్రానికెళ్తే పనికొస్తుంది."

"ఉల్లిపాయ పొర లోపల ఇటుకలుంటాయట, చూస్తాను. ఉప్పురాళ్లన్నీ చదరంగానే ఉంటాయట. ఎందుకుంటాయి?"

"ఉప్పుని నేను పప్పులో వేసుకోవడమే తప్ప కొలవలేదమ్మా," అన్నాడు గుమెర్సిందో. వరసలో ఉన్నవాళ్లంతా మళ్లీ నవ్వారు.

ఇవన్నీ అది పిల్లల పత్రిక వెనక అట్ట మీద 'నీకు తెలుసా?' అని వచ్చే చిన్న చిన్న పెట్టెల్లో చదివేది. కత్తిరించి ఒక నోటుబుక్కులో అంటించేది. అంటించి ఊరుకుంటే బాగుండేది. ఇంటిల్లిపాదినీ అడిగేది.

"ఆక్టోపస్‌కి మూడు గుండెలట. ఎందుకు అమ్మమ్మా?"

"ఒకటి మొగుడికి, ఒకటి పిల్లలకి, మూడోది ఎవరికీ చెప్పకుండా తనకోసం."

పగలంతా చొక్కాల ఫ్యాక్టరీలో మిషన్ తొక్కి వచ్చే అమ్మకి అంత ఓపిక ఉండేది కాదు. అందుకే 'ఎందుకు'లకి కూడా రేషన్ పెట్టింది. భోజనానికి మూడు. మరేలిస్ ఏ మూడు అడగాలో ముందే ఆలోచించుకుని వచ్చి కూర్చునేది. నాలుగోది నోటి దాకా వస్తే నా చెవిలో ఊదేది. నేను మోచేత్తో పొడిచేదాన్ని.

మైక్రోస్కోప్ పెరట్లోకి వచ్చాక మాకు మనశ్శాంతి లేకుండా పోయింది. అమ్మమ్మ తల వెంట్రుక తాడంత కనిపించింది. "నా వెంట్రుకే ఇంతుంటే నా పాపాలు ఎంతుంటాయో, వాటి జోలికి పోకు," అంది అమ్మమ్మ. నివియా రోజూ మధ్యాహ్నం వచ్చేది. దానికి ఒక కన్ను మూయడం చేతనయ్యేది కాదు. ఒకటి మూస్తే రెండూ మూసుకుపోయేవి. మరేలిస్ దాని ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టి, కుడి కంటిని గొట్టం మీదికి నెట్టేది.

దోమ పిల్లలు దొరికింది కూడా మా ఇంట్లోనే. చనిపోయిన తాతయ్య కోసం అమ్మమ్మ అల్మరా పైన ఒక గ్లాసుతో నీళ్లు పెట్టేది. మా వైపు అందరిళ్లలోనూ పోయినవాళ్లకి అలా పెడతారు. ఆ గ్లాసు పట్టుకుని మరేలిస్ అరిచింది.

"అమ్మమ్మా, తాతయ్యకి పురుగులు పోశావు!"

అమ్మమ్మ నాలుక కరుచుకుని గ్లాసు లాక్కోబోయింది. అప్పటికే చెల్లెలు వాటిని జాడీలోకి ఒంపేసింది. లెక్కపెడితే పదకొండు. తలకిందులుగా వేలాడుతూ తోకతో గాలి పీల్చేవి. మైక్రోస్కోప్‌లో పెడితే గాజులా లోపలంతా కనిపించేది. వీపు కింద సన్నటి గొట్టం ఒకటి కొట్టుకునేది.

"అదే గుండె," అంది మరేలిస్.

"నాక్కూడా అలాగే కొట్టుకుంటుందా?" అంది నివియా.

మరేలిస్ దాని గుండె మీద చెవి పెట్టి, చాలాసేపు విని, "నీది ఇంకా జోరు," అంది.

ఆ పాటికే ఊళ్లో జ్వరం మొదలైంది. రేడియోలో దోమల గురించే చెప్పేవారు. సాయంత్రం పూట వీధుల్లో పొగ యంత్రాలు తిరిగేవి. తెల్ల కోటు వాళ్లు ఇంటింటికీ వచ్చి, పెరట్లో వాన నీళ్లు పట్టే పెద్ద మట్టి బానల్లోకి టార్చి వేసి చూసి, మందు ఇసక చల్లి పోయేవారు. పురుగు దొరకని ఇంటి తలుపు మీద ఒక ఆకుపచ్చ కాగితం అంటించేవారు. దొరికిన ఇంటి పేరు శుక్రవారం వీధి కమిటీ మీటింగులో పైకి చదివేవారు.

"మా సొంత అక్క ఇల్లైనా చదువుతా," అనేది కమిటీ బసీలియా. చదివింది కూడా.

అమ్మ జాడీని చూసి, "పారబొయ్యండి దాన్ని," అంది. మరేలిస్ జాడీ మూతికి పలచటి గుడ్డ కట్టి చూపించింది. "దోమలయ్యాక కూడా బయటికి రాలేవమ్మా. అవి ఎలా మారతాయో ఒక్కసారి చూసి, నేనే వేణ్ణీళ్లు పోసి చంపేస్తా. ఎందుకు పారబొయ్యాలి?" ఆ పూట మూడు ఎందుకులూ దాని మీదే ఖర్చుపెట్టింది. అమ్మ అలిసిపోయి సరే అంది.

ఇరవయ్యో తారీఖున మరేలిస్ బడి పిల్లలతో సముద్రం పక్కన శిబిరానికి వెళ్లింది. నాలుగు రోజులు. బస్సెక్కే ముందు నోటుబుక్కు నా చేతిలో పెట్టింది.

"రోజూ లెక్కపెట్టి రాయి అక్కా. ఇప్పుడవి తల పెద్దదై, వంకర తిరిగి ఉన్నాయి చూడు. ఇంక తినవు. రేపో ఎల్లుండో వీపు పగిలి దోమ బయటికొస్తుంది. కుబుసం నీళ్లమీదే వదిలేస్తుంది. నీ చేతిలో ఉన్నాయి, సరేనా?"

"సరేలే, పో."

మర్నాడే తనిఖీ వచ్చింది. అమ్మ ఫ్యాక్టరీలో, అమ్మమ్మ రొట్టెల వరసలో. నేనొక్కదాన్నే ఉన్నాను. గోడ అవతల దెల్ఫీనా పిన్ని గొంతు వినిపించింది.

"చూసుకోండమ్మా చూసుకోండి. తాగడానికే నీళ్లు లేవు, పురుగుల్ని పెంచడానికెక్కడివి?"

ఆ తరవాతి ఇల్లు మాదే. కిటికీ గట్టు మీద జాడీ ఉంది. గుడ్డ కట్టి, దారం చుట్టి, దాని మీద చెల్లెలి గుండ్రటి అక్షరాల్లో కాగితం: 'పదకొండు. ముట్టుకోవద్దు.' పురుగులు దొరకడం ఒక ఎత్తు, చీటీ అంటించి పెంచడం ఒక ఎత్తు. అమ్మ ఫ్యాక్టరీకి వచ్చే నెల ఒక్క ఫ్రిజ్ వస్తోంది. నలభై మంది ఆడవాళ్లు చేతులెత్తి ఎవరికివ్వాలో తేల్చాలి. చివరికి పోటీలో అమ్మ, ఇంకొకావిడ మిగిలారు. వీధి కమిటీ నుంచి మంచి మాట రాసిన కాగితం ఎవరికొస్తే చేతులు వాళ్లకే లేస్తాయి. మూడేళ్లుగా అమ్మ దాని కోసం ఆదివారాలు కూడా మిషన్ తొక్కింది.

జాడీని తూములో ఒంపేస్తే అయిపోయేది. ఒక్క క్షణం పని. కానీ మరేలిస్ వచ్చి 'ఎందుకు ఒంపావు?' అని అడుగుతుంది. భోజనానికి మూడేసి చొప్పున వారం రోజులు అడుగుతుంది. నేను ఆ ఎందుకుకి భయపడ్డాను. తెలివైనదాన్ని అనుకుని, తనిఖీ అయిపోయిన ఇల్లు కదా అని, జాడీ తీసుకెళ్లి గోడ మీదుగా దెల్ఫీనా పిన్ని పెరట్లోకి దించాను. గోడ మీద గుచ్చిన సీసా పెంకులకి గుడ్డ తగులుకుని చిరిగి నా చేతిలోకొచ్చింది. ఇంతలో మా గేటు చప్పుడైంది. గుడ్డ జేబులో కుక్కుకున్నాను.

బసీలియా, తెల్ల కోటావిడ బానలు చూశారు, తాతయ్య గ్లాసు చూశారు, పూలకుండీలు ఎత్తి చూశారు.

"మీ అమ్మ పద్ధతైన మనిషి," అని బసీలియా ఆకుపచ్చ కాగితం తనే అంటించింది.

వాళ్లు వెళ్లాక జాడీ తెచ్చుకోవాలి. అప్పుడే పొగ యంత్రం వచ్చింది, తరవాత అమ్మమ్మ వచ్చింది, తరవాత నేను మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. సాయంత్రం నోటుబుక్కు కనిపిస్తే మాత్రం తేదీ వేసి 'పదకొండు' అని రాశాను. మరునాడూ అదే రాశాను. ఆ మర్నాడూ అదే. ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

ఇరవై మూడు సాయంత్రం, రేపు చెల్లెలు వస్తుందనగా, గోడ మీదికి వంగి నివియాని పిలిచాను.

"ఆ మొక్కల కింద జాడీ ఉంటుంది, అందించవే."

అది రెండు చేతుల్తో పట్టుకుని మునివేళ్ల మీద లేచి అందించింది.

"ఇందులో ఏం లేవక్కా. తొక్కలున్నాయి," అంది. ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటూ నిలబడింది.

నేను అలాంటిదే వేరే గుడ్డ ముక్క కోసి, దారం చుట్టి, చీటీ అంటించి, జాడీని కిటికీ గట్టు మీద పెట్టాను. మర్నాడు మరేలిస్ బస్సు దిగి, సంచి కూడా దించకుండా జాడీ దగ్గరికి పరిగెత్తింది. పట్టకారుతో ఒక్కొక్క కుబుసాన్నీ గాజు పలక మీద పెట్టింది. అన్నీ వీపు మీద చీలి ఉన్నాయి.

"పదకొండూ బయటికొచ్చాయి! మరి దోమలేవక్కా?"

"నాకేం తెలుసు. నువ్వే సరిగ్గా కట్టలేదేమో."

అది దారం వైపు చూసింది.

"అయ్యుండొచ్చు. ఎడమ పక్క ముడి తొందరలో వేశాను," అంది.

అంతే. నన్ను అనుమానించలేదు. తప్పు ఎక్కడో తెలియనప్పుడు ముందు తన దగ్గరే వెతుక్కునే పిల్ల అది. నేను ఊపిరి వదిలి లోపలికెళ్లి అన్నం తిన్నాను.

ఇరవై తొమ్మిదిన నివియాకి జ్వరం వచ్చింది. మొదటి రోజు అందరిలాగే అనుకున్నారు. రెండో రోజు కళ్ల వెనక నొప్పి అని ఏడ్చింది. మూడో రోజు చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. దెల్ఫీనా పిన్ని దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. బొమ్మని మేమే వెనక పట్టుకెళ్లాం. లోపలికి రానివ్వలేదు. ఆసుపత్రి గోడ పక్కన మాలాంటి వాళ్లు చాలామంది నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మరేలిస్ ఒక్క ప్రశ్నే అడిగింది.

"పదకొండు దోమల్లో ఆడవి ఎన్నుంటాయమ్మా?"

"ఏమోనే. సగం ఉంటాయేమో. తిను."

"సగం దోమ ఉండదు. ఐదో, ఆరో," అంది అది కంచంలోకి చూస్తూ. "కుట్టేవి ఆడవే."

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నల్ల చిక్కుళ్ల పులుసు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

ఆగస్టు రెండున, మిట్ట మధ్యాహ్నం, దెల్ఫీనా పిన్ని వీధి మలుపులో కనిపించింది. చేతిలో బొమ్మ మాత్రమే ఉంది. అమ్మమ్మ చీపురు పడేసి ఎదురెళ్లింది. పిన్ని అరవలేదు, ఏడవలేదు. "చెప్పులు అక్కడే మర్చిపోయానత్తా," అంది. అప్పుడు చూశాం, ఆమె వట్టి కాళ్లతో నడిచొచ్చింది.

మరేలిస్ మైక్రోస్కోప్‌ని విప్పి, ఒక్కొక్క ముక్కా తుడిచి, నీలం పెట్టెలో పెట్టేసింది. పెట్టెని మంచం కిందికి తోసింది. కత్తిరించాల్సిన పత్రిక కత్తిరించకుండా ఉండిపోయింది. భోజనాల దగ్గర తల వంచుకుని తినేది. వారం తరవాత అమ్మే అడిగింది: "ఏంటే, నీ మూడూ మిగిలిపోతున్నాయి?" అది "ఏం లేవమ్మా" అంది. అమ్మమ్మ నన్ను చూసింది. నేను కంచం తీసుకుని లేచిపోయాను.

ఫ్రిజ్ వచ్చింది. ఓటు వేసినప్పుడు అమ్మకి ఇరవై ఆరు చేతులు లేచాయి. నలుగురు మగవాళ్లు మోసుకొచ్చి ముందు గదిలో దించారు. అమ్మమ్మ దాని తలుపుకి ముద్దు పెట్టింది. అమ్మ ఏడ్చింది. నేను తలుపు తీశాను, మూశాను, మళ్లీ తీశాను. చెల్లెలు అక్కడే నిలబడి ఉంది. పూర్వపు మరేలిస్ అయితే 'తలుపు మూశాక లోపల లైటు ఆరుతుందని మనకెలా తెలుసు?' అని ఈపాటికి మా ప్రాణాలు తీసేది. నేను ఆ ప్రశ్న కోసమే తలుపు తీస్తూ మూస్తూ ఉన్నాను. "చలి బయటికి పోతోందక్కా," అని అది బయటికి వెళ్లిపోయింది.

అది చేసే పని ఒక్కటే. దెల్ఫీనా పిన్ని నివియా కోసం అల్మరా పైన ఒక గ్లాసుతో నీళ్లు పెట్టింది. మరేలిస్ రోజూ పొద్దున్నే వెళ్లి, నిన్నటి నీళ్లు ఒంపేసి, గ్లాసు లోపలంతా వేళ్లతో తోమి, కొత్త నీళ్లు పోసి వచ్చేది. పిన్ని దాన్ని దగ్గరికి లాక్కుని, "నువ్వు గుండె చూపించావట కదే దానికి, రోజూ చెప్పేది," అంటే బిగుసుకుపోయి నిలబడేది.

సెప్టెంబరులో బడి తెరిచారు. మా క్లాసుకి ఒక నర్సు వచ్చి దోమల గురించి చెప్పింది. అప్పుడే పుట్టిన దోమలో జబ్బు ఉండదట. ముందు అది జ్వరమున్న మనిషిని కుట్టాలి. అప్పుడు కూడా జబ్బు దాని లోపల పండటానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. ఆ తరవాత అది ఇంకొకరిని కుడితే, వాళ్లకి జ్వరం రావడానికి మళ్లీ నాలుగైదు రోజులు. నేను బల్ల కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాను. జాడీలోంచి అవి ఎగిరింది ఇరవై ఒకటి తరవాత. నివియాకి జ్వరం ఇరవై తొమ్మిదిన. చాలదు. ఎలా లెక్కేసినా చాలదు.

బడి నుంచి ఇంటి దాకా పరిగెత్తాను. మరేలిస్ గడప మీద కూర్చుని చిక్కుళ్లలో రాళ్లు ఏరుతోంది. సాయంత్రం కూడా తోమడానికి తెచ్చిన నివియా గ్లాసు పక్కనే ఉంది.

"మనవి కావే!" అన్నాను రొప్పుతూ. "ఆ పదకొండు కావు. ఆ దోమలకి అంత టైము లేదు. చూడు, ఇరవై ఒకటి నుంచి లెక్కపెట్టు..."

మొత్తం చెప్పాను. అది శ్రద్ధగా విన్నది. ఆ శ్రద్ధ చూసి నాకు ఆశ పుట్టింది. లేచి లోపలికెళ్లి, మంచం కింద నుంచి నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. వేలు కదుపుతూ చదివింది.

"ఇరవై ఒకటి, పదకొండు. ఇరవై రెండు, పదకొండు. ఇరవై మూడు, పదకొండు. నీ రాతే అక్కా. ఇరవై మూడు దాకా ఒక్కటి కూడా ఎగరలేదని రాసి ఉంది. ఇరవై ఒకటి నుంచి లెక్కపెట్టమంటున్నావు."

వేలు ఆ గీత మీదే ఉంచి, నా మొహంలోకి చూసింది.

అప్పుడు చెప్పాను. గోడ, సీసా పెంకులు, చిరిగిన గుడ్డ, నివియా రెండు చేతుల్తో జాడీ అందించడం, అన్నీ చెప్పాను. నీ ముడి బాగానే ఉంది అని చెప్పాను. నువ్వు కట్టిందే బాగుంది అని రెండోసారి కూడా చెప్పాను. ఏడ్చాను. అది నాతో పాటు ఏడవలేదు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అమ్మ ఆదివారాలు, ఫ్రిజ్, నలభై మంది ఆడవాళ్లు, బసీలియా, అన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నాను. లోపల ముందు గదిలో ఫ్రిజ్ గుర్రుమంటూ ఆడుతోంది. ఒక్క మాట అడిగితే చాలు, మొత్తం చెప్పేద్దామని దాని పెదాల వైపే చూశాను.

మరేలిస్ నోటుబుక్కు మూసింది. చిక్కుళ్ల గిన్నె నా ఒళ్లో పెట్టింది. గ్లాసు తీసుకుని, దెల్ఫీనా పిన్ని వాళ్ల గుమ్మం వైపు నడిచింది.

ఎందుకు అని అడగలేదు. ఆ పూటా అడగలేదు, ఆ తరవాత ఏ భోజనం దగ్గరా అడగలేదు. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. నేనింకా ఆ జవాబు పట్టుకునే కూర్చుని ఉన్నాను.